ఆ నవ్వు ఎవరి వైపు తిరిగి ఉందో చూడండి: నాటక పరిషత్తుల పెద్దలకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నాటికల పోటీలు నడిపే పరిషత్తుల పెద్దలకు, తిరునాళ్ళలో స్టేజీ కట్టించే కమిటీల వాళ్ళకు, స్కిట్లు రాసే, వేసే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నమస్కారం.

నేరుగా విషయానికి వస్తాను. యుద్ధం పేరు చెప్పి మన స్టేజీల మీద పుట్టిస్తున్న నవ్వు గురించి ఈ ఉత్తరం. ఆ నవ్వు తప్పు వైపు తిరిగి ఉందని నా బాధ. దాన్ని సరైన వైపు తిప్పగలిగింది పోలీసులో, కలెక్టరో కాదు, మీరే అని నా నమ్మకం. అందుకే మీకు రాస్తున్నాను.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. అందులో ఒకరు మన కావలి మనిషి. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, సెలవుల్లో భార్యాపిల్లలతో కాశ్మీరు చూసి వద్దామని వెళ్ళినవాడు. కావలిలో ఆ రోజులు ఎట్టా గడిచాయో ఇక్కడివాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత మే 7 నుంచి 10 దాకా రెండు దేశాలు క్షిపణులు, డ్రోన్లు ప్రయోగించుకున్నాయి, ఆ పైన కాల్పుల విరమణ. ఎక్కడో సరిహద్దులో జరిగిందే అయినా ఈసారి అది మన వీధి దాకా వచ్చింది. దుఃఖం వచ్చింది, కోపం వచ్చింది. ఆ రెండూ న్యాయమైనవే. వాటిలో దేన్నీ నేను కాదనడం లేదు.

కానీ ఆ తర్వాత వచ్చిన తిరునాళ్ళ సీజన్లో మన రెండు జిల్లాల్లోనే ఒక ఊళ్ళో, ఊరి పేరు రాయను, ఒక స్కిట్ చూశాను. పాకిస్తాన్‌వాడి వేషం వేసిన కుర్రాడు గడ్డం అతికించుకుని, టోపీ పెట్టుకుని వచ్చాడు. వాడు మాట్లాడింది పంజాబీ కాదు, పెషావరు యాస కాదు. మన ఊళ్ళో సైకిల్ షాపు, టైలర్ షాపు పెట్టుకున్న సాయిబుల తెలుగు. అచ్చంగా అదే యాస, అవే 'అరె భాయ్' లు. వాడు భయపడి పారిపోయినప్పుడల్లా, తన్నులు తిన్నప్పుడల్లా జనం పడీ పడీ నవ్వారు. ఆ రోజు ఉదయం అదే ఊళ్ళో దేవుడి ఊరేగింపు ముందు నాదస్వరం ఊదుకుంటూ నడిచిన మేళం వాళ్ళు కూడా జనంలోనే ఉన్నారు. వాళ్ళూ ముస్లింలే. కాసేపు చూసి పిల్లల్ని లేపుకుని వెళ్ళిపోయారు. ఎవరూ వాళ్ళని వెళ్ళమనలేదు, ఎవరూ ఆపనూ లేదు. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం విని మురిసిపోయిన జిల్లా మనది. శ్రీరంగం రంగనాథుడి సన్నిధిలో ఊది, దేశమంతా దండం పెట్టించుకున్న మనిషి ఆయన. ఆయన వాద్యం పట్టుకుని బతుకుతున్న కుటుంబాలు మన తిరునాళ్ళలో కూర్చోలేని పరిస్థితి వస్తే, ఆ స్కిట్ ఎవరి మీద యుద్ధం చేసినట్టు?

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. మంచి టైమింగ్ ఉన్న నటుడు. జనానికి ఏది పండుతుందో అది వేశాడు. అది పండుతుందని నేర్పింది మనం, అంటే చప్పట్లు కొట్టినవాళ్ళం, మళ్ళీ పిలిచినవాళ్ళం, షీల్డు ఇచ్చినవాళ్ళం. అందుకే మాట మీతో.

ఎగతాళి యుద్ధానికి ఎంత దగ్గర చుట్టమో నెల్లూరు వాళ్ళకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. 13వ శతాబ్దంలో కనిగిరి వైపు నుంచి మందలు తోలుకొచ్చిన కాటమరాజుకీ, నెల్లూరు ఏలే మనుమసిద్ధికీ పుల్లరి దగ్గర తగాదా వచ్చింది. గడ్డి మేసినందుకు కట్టాల్సిన పన్ను. ఇప్పటి భాషలో చెప్పాలంటే నలుగురు పెద్దమనుషులు కూర్చుంటే తేలిపోయే పంచాయితీ. అది పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం దాకా పోయింది. మనుమసిద్ధి సేనాని ఖడ్గ తిక్కన, కవి తిక్కన గారి వంశంవాడే, ఒకసారి యుద్ధం నుంచి వెనక్కి వచ్చేశాడని కథ. వస్తే ఇంట్లో ఏం జరిగింది? స్నానానికి ఆడవాళ్ళకు పెట్టినట్టు మంచం చాటున నీళ్ళు, పసుపు ముద్ద పెట్టింది భార్య. తల్లి విరిగిపోయిన పాలు పోసి అన్నం పెట్టింది. ఆ ఎగతాళి తట్టుకోలేక మళ్ళీ వెళ్ళి చచ్చిపోయాడు. ఈ ఘట్టాన్ని మనం వీరత్వం కింద చెప్పుకుంటాం, చాటుపద్యాలు పాడతాం, పిల్లల చేత ఏకపాత్రాభినయం చేయిస్తాం. నేను మాత్రం ఆ కథ విన్నప్పుడల్లా, వెనక్కి వచ్చిన మనిషిని 'ఏం చూశావు నాయనా అక్కడ' అని ఒక్కరైనా అడిగి ఉంటే ఏమయ్యేదా అనుకుంటాను. రెండు వైపులా పోయినవాళ్ళు పోయారు. మందలు మేసే గడ్డి కోసం.

ఇంకా దగ్గరి కాలంలో, ఇంకా భయంకరంగా జరిగింది ఆఫ్రికాలోని రువాండాలో. 1993లో అక్కడ ఆర్‌టీఎల్‌ఎం అని ఒక రేడియో స్టేషన్ మొదలైంది. సర్కారు రేడియోలా బిగుసుకుని మాట్లాడేది కాదు. మంచి పాటలు వేసేది, జోకులు వేసేది, తాగి కబుర్లు చెప్పుకునేవాళ్ళ ధోరణిలో నడిచేది. కుర్రకారు ఎగబడి విన్నారు. ఆ జోకుల్లో, అక్కడ ఎక్కువమంది ఉన్న హుటూల వైపు నుంచి, తక్కువమంది ఉన్న టుట్సీలను బొద్దింకలన్నారు. నవ్వుకున్నారు. 1994 ఏప్రిల్ నుంచి దాదాపు వంద రోజుల్లో సుమారు 8 లక్షల మందిని చంపారు, ఆ రోజుల్లో అదే రేడియో ఎవరు ఎక్కడ దాక్కున్నారో చెప్పింది. ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన న్యాయస్థానం 2003లో ఆ రేడియో వెనక ఉన్నవాళ్ళకు శిక్ష వేసింది. మన తిరునాళ్ళ స్కిట్ అక్కడి దాకా పోతుందని నేను అనడం లేదు. అంత మాట అనను. ఒక మనిషిని చూసి నవ్వడం అలవాటైతే వాడికి దెబ్బ తగిలినప్పుడు జాలి కలగడం ఆలస్యమవుతుంది, అంతవరకే అంటున్నాను.

ఇప్పుడు అదే రువాండాలో తర్వాత ఏం చేశారో చూడండి, ఎందుకంటే ఇది మీ పనికి నేరుగా సంబంధించింది. 2004లో ఒక రేడియో నాటకం మొదలుపెట్టారు. రెండు ఊళ్ళు, మధ్యలో లోయ, భూమి కోసం తగాదా, ఒక ఊరికి సర్కారు ఎక్కువ పెట్టిందని ఇంకో ఊరికి కడుపుమంట, రెండు ఊళ్ళ మధ్య ఒక ప్రేమజంట. హుటూ అనే మాట లేదు, టుట్సీ అనే మాట లేదు, అయినా వినేవాళ్ళకు అంతా అర్థమవుతుంది. జనం గుంపుగా కూర్చుని వినేవాళ్ళు, విన్నాక మాట్లాడుకునేవాళ్ళు. ఎలిజబెత్ పాలక్ అనే పరిశోధకురాలు ఏడాది పాటు కొన్ని గుంపుల చేత ఇది వినిపించి, మరికొన్ని గుంపుల చేత ఆరోగ్యం మీద ఒక నాటకం వినిపించి, తేడా చూసింది. 2009లో వచ్చిన ఫలితం నన్ను చాలా ఆలోచింపజేసింది. జనం మనసులో ఉన్న నమ్మకాలు పెద్దగా మారలేదు. మారింది ఏమిటంటే, నలుగురిలో ఏది అనొచ్చు, ఏది అనకూడదు, మా ఊళ్ళో మనుషులు ఎట్టా ఉంటారు అన్న అంచనా. అవతలివాళ్ళతో పెళ్ళి సంబంధం గురించి, ఒకరినొకరు నమ్మడం గురించి, పెద్దల మాటకు ఎదురు చెప్పడం గురించి వాళ్ళ మాటా నడతా మారాయి.

దీన్ని మన స్టేజీకి అన్వయించుకోండి. నాటిక చూసి ఎవడి గుండే రాత్రికి రాత్రి మారదు. నేను అది ఆశించడం లేదు. కానీ 'మన ఊళ్ళో ఇట్టాంటి జోకు వేస్తే నవ్వరు' అన్న సంగతి ఒక స్టేజీ నేర్పగలదు. 'మన ఊళ్ళో సాయిబుల యాస వేళాకోళం చేస్తే చప్పట్లు పడతాయి' అన్నదీ స్టేజీయే నేర్పుతుంది. ఇప్పుడు రెండోదే నేర్పుతోంది.

బెల్ఫాస్ట్ సంగతి కూడా చెప్పాలి. ఉత్తర ఐర్లాండులో ముప్పై ఏళ్ళు కాథలిక్కులు, ప్రొటెస్టెంట్ల మధ్య నెత్తురు పారింది, సుమారు 3,500 మంది పోయారు. ప్యాట్రిక్ కీల్టీ అనే కాథలిక్కు అబ్బాయికి పదహారేళ్ళప్పుడు, 1988 జనవరిలో, వాళ్ళ నాన్నను అవతలి వర్గం తుపాకీవాళ్ళు కాల్చి చంపారు. ఆ అబ్బాయి కాలేజీ రోజుల్లోనే బెల్ఫాస్ట్‌లో ఒక క్లబ్బులో మైకు పట్టుకుని హాస్యం చెప్పడం మొదలుపెట్టాడు. తన వర్గం తుపాకీవాళ్ళ మీదా వేశాడు, అవతలి వర్గం తుపాకీవాళ్ళ మీదా వేశాడు. రెండు వైపుల కుర్రాళ్ళూ ఒకే హాల్లో కూర్చుని విన్నారు, బయట బాంబులు ఇంకా పేలుతున్న కాలంలో. 1998లో గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది, అది రాజకీయ నాయకులు కుదుర్చుకున్నది, హాస్యం వల్ల కాదు. కానీ ఇరవై ఏళ్ళ తర్వాత 2018లో ఆయన ఒక డాక్యుమెంటరీ చేస్తూ అవతలి వర్గం పార్టీ నాయకురాలు అర్లీన్ ఫాస్టర్‌తో కూర్చుని మాట్లాడాడు. ఆమె తండ్రి మీద కూడా చిన్నప్పుడు కాల్పులు జరిగాయి, ఆయన బతికి బయటపడ్డాడు. నాన్నను కాల్చిన వర్గం మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడగలగడం ఒక్కరోజులో రాదు. అందుకు కావలసిన ధైర్యం ఆ క్లబ్బు రాత్రుల్లోనే కూడబెట్టుకున్నాడని నాకనిపిస్తుంది. బెల్ఫాస్ట్‌లో రెండు వర్గాల వీధుల మధ్య కట్టిన గోడలు చాలావరకు ఇప్పటికీ ఉన్నాయి. అది కూడా మర్చిపోకుండా చెప్పుకోవాలి.

హాస్యం వేరు, మాటామంతీ వేరు కాదు, రెండూ కలిస్తేనే పని అవుతుందని నాకు గట్టిగా అనిపించింది మాత్రం బెల్ఫాస్ట్ వల్ల కాదు, కువైట్ వల్ల. ఉదయగిరి, వింజమూరు, కలిగిరి, ఆత్మకూరు వైపు నుంచి ఎంతమంది గల్ఫ్ పోయారో మీకు తెలుసు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి నుంచి లక్షా డెబ్బై వేల మంది భారతీయులను జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకొచ్చారు, వాళ్ళలో తెలుగువాళ్ళు బోలెడుమంది. యుద్ధం అంటే ఏమిటో టీవీలో కాకుండా కళ్ళతో చూసినవాళ్ళు మన మధ్యే ఉన్నారు. మా పక్కింటి అబ్బాయి కువైట్‌లో డ్రైవరు. వాళ్ళ రూములో వంటిల్లు ఒకటే, ఉండేది మూడు దేశాల వాళ్ళు. ఒకాయనది పాకిస్తాన్‌లో సియాల్‌కోట్ వైపు ఊరు. 2025 మేలో ఆ నాలుగు రోజుల్లో మొదటి మూడు రోజులూ రూములో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదంట. ఎవరి ఫోన్లో వాళ్ళు వార్తలు చూసుకోవడం, ఎవరి గిన్నె వాళ్ళు కడుక్కోవడం, ఒకటే టెన్షన్. మూడో రోజు రాత్రి మనవాడే ముందు నోరు తెరిచాడు.

'మా టీవీ వాళ్ళు మీ ఊళ్ళన్నీ నేలమట్టం చేసేశారు భాయ్, మీ అమ్మగారికి ఫోన్ కలుస్తోందా?'

ఆయన కాసేపు ఆగి, 'కలుస్తోంది, డబ్బులు ఇంకా పంపలేదని తిడుతోంది. మా వాళ్ళు మీ దేశం మొత్తం కరెంటు తీసేశారంట కదా, మరి మీ ఆవిడ వీడియో కాల్ ఎట్టా చేస్తోంది?' అన్నాడంట.

నవ్వారు. నవ్వాక మాట్లాడుకున్నారు. పహల్గాంలో పోయినవాడు మా పక్క ఊరివాడని ఇతను చెప్పాడు. ఆయన లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. మా ఊరి దగ్గరా గుళ్ళు పడ్డాయని, చెల్లెలు పిల్లల్ని తీసుకుని ఇంకో ఊరు పోయిందని చెప్పాడు. ఎవరు మొదలుపెట్టారు, తప్పెవరిది అన్న దగ్గర ఇద్దరికీ కుదరలేదు. కుదరకపోయినా ఆ రాత్రి నుంచి మళ్ళీ ఒకే గిన్నెలో అన్నం వండుకున్నారు.

ఆ రెండు జోకులూ మళ్ళీ చదవండి. మనవాడు వేసింది మన టీవీ మీద. ఆయన వేసింది వాళ్ళ టీవీ మీద. ఎవరి వైపు నుంచి వాళ్ళు తమ వాళ్ళని చూసి నవ్వారు కాబట్టి అవతలివాడికి తలుపు తెరుచుకుంది. అదే మనవాడు 'మీ వాళ్ళకి బుద్ధి లేదు' అని మొదలుపెట్టి ఉంటే ఆ రూములో ఏమయ్యేదో వేరే చెప్పాలా? ఇంతే నేను అడుగుతున్నది. యుద్ధం మీద హాస్యం వద్దనడం లేదు. ఇంకా కావాలంటున్నాను. ముందు మన మీద వేసుకుందాం అంటున్నాను.

మన హాస్యానికి ఇది కొత్త కాదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క రామరావణ యుద్ధం మధ్యలో దూరి వాళ్ళ ఇంటి గోల మొదలుపెడతారు. వాళ్ళ నోరు మంచిది కాదు, కులాల మీద, ఆడవాళ్ళ మీద అక్కడా పాడు మాటలు పడ్డాయి, అవి మళ్ళీ తెమ్మని నేననను. కానీ వాళ్ళు మొట్టమొదట వెధవలయ్యేది వాళ్ళే. బుర్రకథలో కథకుడి పక్కన నిలబడే హాస్యం చెప్పే వంత కూడా అంతే, కథకుణ్ణి ఆపి, జనం అడగలేని ప్రశ్న అడుగుతాడు. రాయబారం సీను రాత్రంతా కూర్చుని చూసే జనం మనం. యుద్ధానికి ముందు పడక సీనులో చంపుకోబోయేవాళ్ళు బావా అని పలకరించుకుంటుంటే ఈలలు వేస్తాం. భారతంలో ఆ ఉద్యోగపర్వాన్ని తెలుగు చేసిన తిక్కన గారు మన నెల్లూరు మంత్రి, మనుమసిద్ధి కోసం ఓరుగల్లు వెళ్ళి గణపతిదేవుడితో మాట్లాడి వచ్చిన రాయబారి కూడా. మాట్లాడి పని చక్కబెట్టే విద్య మనకు పరాయిది కాదు.

ఇక రొట్టెల పండుగ. దీని దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఏమనుకోకండి. బారాషహీద్ దర్గాలో ఉన్నవాళ్ళు ఎవరు? యుద్ధంలో చచ్చిపోయిన పన్నెండు మంది. గండవరం దగ్గర జరిగిన పోరులో తలలు తెగిపడితే, మొండేలను గుర్రాలు మోసుకుంటూ స్వర్ణాల చెరువు దాకా వచ్చాయని చెప్పుకునే కథ. అంటే అది ఒక యుద్ధం జ్ఞాపకం. ఏ యుద్ధం జ్ఞాపకమైనా సరే, ఇది మా వాళ్ళది, అది మీ వాళ్ళు చేసింది అని పంచుకుని, ఏటా పుండు గెలుక్కునే ప్రమాదం ఉంటుంది. నెల్లూరు జనం ఏం చేశారు? మొహర్రం రోజుల్లో ఆ చెరువులో మోకాటి లోతు నీళ్ళలో దిగి, ముక్కూ మొహం తెలియని మనిషిని పట్టుకుని 'మీ దగ్గర ఏం రొట్టె' అని అడగడం మొదలుపెట్టారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఇప్పుడు వీసా రొట్టె కూడా. కోరిక తీరినవాళ్ళు ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు, తీరితే మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఇచ్చేవాడు ఏ మతం, తీసుకునేవాడు ఏ మతం అని అడిగే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. అడగాల్సింది ఒకటే, నీకేం కావాలి. అడిగాక నవ్వులు ఎట్టా పుడతాయో చెరువులో నిలబడి చూసినవాళ్ళకు తెలుసు. పెళ్ళి రొట్టె కోసం వచ్చిన కుర్రాడికి ముసలమ్మ పొరపాటున సంతానం రొట్టె చేతిలో పెడితే చుట్టూ ఉన్నవాళ్ళంతా గొల్లుమంటారు, ఆ అబ్బాయి కూడా నవ్వుతాడు. ఆ నవ్వులో ఎవరికీ అవమానం లేదు. సర్కారు దీన్ని రాష్ట్ర పండుగ చేసింది, సంతోషం. మన నాటకాల వాళ్ళు మాత్రం ఆ చెరువులో కనిపించినంత హాస్యాన్ని ఇంకా స్టేజీ మీదకు తెచ్చుకోలేదు.

స్టేజీ వల్ల ఏమవుతుందిలే అనే మాట దయచేసి ఈ జిల్లాలో అనకండి. 1991లో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు కళాజాతా బృందాలు ఊరూరా తిరిగి ఆడిపాడాయి. రాత్రి బడిలో ఆడవాళ్ళు పాఠం చదివి, దాని మీద మాట్లాడుకున్నారు. ఆ మాటల్లోంచే కలిగిరి పక్కన దూబగుంటలో సారా దుకాణం మూయించే పోరాటం లేచింది, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా పోయింది. ఆట, పాట, ఆ పైన మాట. వరుస అదే.

మాట లేకుండా పైపైన మాత్రమే చర్చలు జరిగితే ఏమవుతుందో ప్రకాశం జిల్లాకు తెలుసు. 2004 అక్టోబరులో మావోయిస్టు నాయకులు నల్లమల నుంచి చిన్నారుట్ల దగ్గర బయటికి వచ్చినప్పుడు, ఎస్.ఆర్.శంకరన్ గారి పౌర స్పందన వేదిక ఏళ్ళ తరబడి పడ్డ శ్రమ ఫలించిందని అందరం ఆశపడ్డాం. హైదరాబాదులో సర్కారుతో చర్చలు నడిచాయి, 2005 జనవరికల్లా తెగిపోయాయి, మళ్ళీ తుపాకులు. కారణాలు పెద్దవి, నేను తీర్పు చెప్పను. కానీ రెండు వైపుల వాళ్ళ చేతుల్లోనూ మనుషుల్ని పోగొట్టుకున్న ఊళ్ళ వాళ్ళను ఒక చెట్టు కింద కూర్చోబెట్టి మాట్లాడించిన పని మాత్రం తగినంత జరగలేదని నా అభిప్రాయం. పై వాళ్ళు లేచిపోతే, కింద పట్టుకుని ఉండే మాట ఒకటి ఉండాలి కదా.

ఒక అభ్యంతరం నాకే వస్తుంది, మీకూ వస్తుంది. దెబ్బ తిన్నవాళ్ళను నవ్వమంటావా? లేదు. ఎప్పటికీ అనను. ఇజ్రాయెల్, పాలస్తీనా వైపుల్లో పిల్లల్ని, తోబుట్టువుల్ని పోగొట్టుకున్న కుటుంబాలు 1995లో మొదలైన ఒక వేదిక మీద కలుస్తున్నాయి, వందల కుటుంబాలు. వాళ్ళు కలిసేది నవ్వుకోవడానికి కాదు, ముందు ఒకరి చావు కథ ఇంకొకరు వినడానికి. అదే నేల మీద యూదులు, అరబ్బులు కావాలని కలిసి కట్టుకున్న ఒక ఊరుంది, అందులో పెరిగిన నోమ్ షుస్టర్ ఎలియాసీ అనే అమ్మాయి హీబ్రూలో, అరబిక్‌లో, ఇంగ్లీషులో హాస్యం చెబుతుంది. శాంతి సంస్థల్లో పని చేసి వచ్చిన మనిషి. అన్యాయం సంగతి ఎత్తకుండా కలిసి మెలిసి ఉందాం అని పాడే పాటను ఆమె వదలదు, దాన్నే గట్టిగా ఏకుతుంది, అదీ తన వైపు నుంచే. ఆమె దగ్గర నేను నేర్చుకున్నది, బలం ఉన్న వైపు మనిషే ముందు తన మీద నవ్వుకోవాలి, దెబ్బ తిన్న వైపు మనిషికి ముందు మైకు ఇవ్వాలి. కావలిలో ఆ కుటుంబం దగ్గరికి ఏ హాస్యం పట్టుకుని ఎవరూ వెళ్ళకూడదు. వాళ్ళు మాట్లాడాలనుకుంటే వినాలి, వద్దనుకుంటే వాకిట్లోకి కూడా పోకూడదు.

ఇక మిమ్మల్ని అడిగేవి. పోటీల్లో ఉత్తమ హాస్యనటుడు బహుమతి ఇస్తారు కదా, ఆ మార్కుల కాగితంలో ఒక గడి పెంచండి. ఎవరి మీద జోకు వేశారో ఆ మనిషి ముందు వరసలో కూర్చుని ఉంటే నవ్వగలడా, లేదా? దానికి మార్కులు వేయండి. న్యాయనిర్ణేతల్లో ఒకరైనా ఆ స్కిట్‌లో వేళాకోళమయ్యే వర్గం నుంచి ఉండేలా చూడండి. మా సాయిబులు లేరు, దొరకరు అనకండి, మేళం వాళ్ళను ఉదయం పిలవగలిగిన కమిటీ రాత్రికీ పిలవగలదు.

యుద్ధం మీద నాటిక వేసిన రాత్రి, తెర పడగానే 'తర్వాతి ప్రదర్శన' అని మైకులో అరవకండి. లైట్లు వేసి అరగంట ఇవ్వండి. గిద్దలూరు, కొమరోలు వైపు మిలిటరీలో చేసి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళను పిలవండి. సరిహద్దులో కాపలా కాసినవాడు అవతలి జవాను గురించి చెప్పే మాట మన స్కిట్ రచయితలు చెప్పేదానికంటే ఎంతో మర్యాదగా ఉంటుంది, నేను విన్నాను. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళను పిలవండి. జువ్వలదిన్నె, కొత్తపట్నం, పాకల నుంచి గంగపుత్రులను పిలవండి. మన తీరంలోకి కడలూరు మరబోట్లు వచ్చి వలలు తెంపుకుని పోతున్నాయని గొడవలు, బోట్లు పట్టుకోవడాలు ఏళ్ళుగా నడుస్తున్నాయి. తమిళనాడు జాలర్లకు, ఉత్తర శ్రీలంక జాలర్లకు మధ్య ఇంతకంటే పెద్ద తగాదా ఉంది, అదీ 2009లో ముగిసిన యుద్ధం మిగిల్చిన తీరంలో. 2014లో రెండు దేశాల జాలర్లు చెన్నైలో ఒకసారి, కొలంబోలో ఒకసారి ఎదురెదురుగా కూర్చున్నారు. తగాదా తీరలేదు. ఐనా వాళ్ళే కూర్చున్నారు, వాళ్ళ తరఫున వేరేవాళ్ళు కాదు. కడలూరు నుంచి ఇద్దరు జాలర్లను, మన వైపు ఇద్దరిని ఒక స్టేజీ మీద కూర్చోబెట్టి, సముద్రంలో తమ వాళ్ళు చేసే తిక్క పనులు తమ నోటితో చెప్పమనండి, నేను హామీ ఇస్తాను, హాలు దద్దరిల్లుతుంది. ఆ పైన వలల నష్టం గురించి మాట్లాడించండి.

జనం రారు, చందాలు రావు, ఎవరో ఒకరు దేశద్రోహం అంటారు, పోలీసు పర్మిషన్ కష్టం, ఇవన్నీ మీరు అంటారని తెలుసు. మొదటి రెండూ నేను ఒప్పుకోను. దేశద్రోహం మాటకు నా జవాబు మాత్రం సూటిగా చెబుతాను: ఈ దేశంలో పుట్టి, దేవుడి ముందు నాదస్వరం ఊదే మనిషిని పరాయి దేశంవాణ్ణి చేసిన స్కిట్ కంటే దేశానికి చెడు చేసేది ఇంకేముంది?

నా వైపు నుంచి చేయగలిగింది ఇదీ. మొదటి రాత్రికి నాటిక నేను రాసి ఇస్తాను, కువైట్ రూము కథే, మూడు పాత్రలు, ఒక వంటిల్లు, సెట్ ఖర్చు దాదాపు లేదు. సియాల్‌కోట్ ఆయన వేషం నెల్లూరు ముస్లిం కుర్రాడొకడు వేయాలని నా కోరిక, మనవాడి పాత్రకు ఉదయగిరి యాస తెలిసిన ఎవరైనా సరే. రిహార్సల్‌కు కావలిలో మా డాబా మీద చోటుంది. పరిషత్తుల పోటీల నియమావళి అచ్చుకు వెళ్ళేలోపు మీలో ఏ ఒక్క కమిటీ అయినా సరేనంటే చాలు, ఆ అరగంట మాటామంతీకి మనుషుల్ని పోగేసే పని కూడా నేనే చూసుకుంటాను.

ఇట్లు,
కావలి నుంచి నాటికలు రాసుకునే ఒక మనిషి